గోగునారకు కొత్త గిరాకీ: ఆశ ఎంత, బేరం ఎంత?

ప్లాస్టిక్కు సంచుల మీద, పళ్ళాల మీద ఆంక్షలు బిగిసిన నాటి నుంచి వర్తక వర్గాలలో ఒక కొత్త మాట వినవస్తున్నది. మట్టిలో కలిసిపోయే ప్లాస్టిక్కులో మొక్కల నార కలుపుతారనీ, ఆ నారకు రాబోయే సంవత్సరాలలో మంచి గిరాకీ ఉంటుందనీ, కర్నూలు, కడప మెట్టలలో 'హెంప్' వేయిస్తే ఆదోని దూది వలె బేళ్ళు కట్టి పంపవచ్చుననీ ఆ మాట సారాంశం. ఇటీవల కర్నూలులో ఒక అడితీలో కూర్చుని ఉండగా యజమాని ఇదే సంగతి కదిపారు. "విత్తనం మేమే ఇస్తాం, పంట మేమే కొంటాం, రైతులకు పెట్టుబడి మాత్రం మీరు పెట్టండి అంటున్నారు. పెట్టవచ్చునా?" అని అడిగారు.

పెట్టుబడి ఇప్పుడే వద్దు, అలాగని ఈ వ్యాపారాన్ని కొట్టిపారవేయనూ వద్దు అన్నది మా అభిప్రాయం. మచ్చు, తేమ, కొనేవాని సంతకం. ఈ మూడూ కుదిరిన తర్వాతనే పైరు సంగతి. ఎందుకో ఈ దిగువ వివరిస్తున్నాము.

ఆశకు మూలం

2022 జులై 1 నుంచి ప్లాస్టిక్కు పళ్ళాలు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు వంటి ఒకసారి వాడి పారవేసే వస్తువులపై దేశమంతటా నిషేధం అమలులోకి వచ్చింది. చేతిసంచుల మందం 120 మైక్రాన్లకు తగ్గరాదన్న నిబంధన అదే ఏడు డిసెంబరు 31 నుంచి వచ్చింది. అయితే ఎరువుగా మారే ప్లాస్టిక్కుకు ఈ రెంటి నుంచీ మినహాయింపు ఉన్నది. తయారీదారు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి నుంచి ధ్రువపత్రం పొంది ఉండాలన్నదే షరతు. ఆ మినహాయింపు చూసే కొత్త కర్మాగారాలవారు ముందుకు వస్తున్నారు.

ఈ రకం ప్లాస్టిక్కుకు ముడిసరుకు ముఖ్యంగా మొక్కజొన్న పిండి, చెరకు చక్కెర. వాటి నుంచి తీసే పి.ఎల్.ఎ. అనే దానా ధర మామూలు ప్లాస్టిక్కు దానా కంటె బాగా హెచ్చు. ఖరీదైన దానాలో నూటికి ఇరవై పాళ్ళు తగ్గించి ఆ మేరకు చవకైన నార కలిపితే ఖర్చు కొంత దిగుతుంది, వస్తువుకు బిగువు వస్తుంది. నారకు గిరాకీ అన్న మాట వెనుక ఉన్న ఆర్థిక సూత్రం ఇంతే. సూత్రం తప్పు కాదు. దాని మీద కట్టే లెక్కలలోనే పొరపాటు జరుగుతున్నది.

పేరులోనే చిక్కు

'హెంప్' అన్నది ఒక్క సరుకు పేరు కాదు. నాలుగు వేర్వేరు మొక్కలకు ఇంగ్లీషు వ్యాపారంలో ఆ పేరు వాడుకలో ఉన్నది.

మొదటిది అసలు హెంప్, అంటే గంజాయి జాతి మొక్క. 1985 నాటి మాదక ద్రవ్యాల చట్టం ప్రకారం అనుమతి లేకుండా దీనిని పెంచడం నేరం. నార కోసం, గింజ కోసం సాగుకు ప్రభుత్వం ప్రత్యేక ఉత్తర్వు ద్వారా అనుమతి ఇవ్వవచ్చునని ఆ చట్టంలోనే 14వ సెక్షను చెబుతున్నది. ఆ వెసులుబాటు కింద ఉత్తరాఖండ్ 2018లో లైసెన్సు ఇచ్చింది. ఆ రాష్ట్రపు కాగితం చూపి మన జిల్లాలో విత్తనం అమ్మజూపేవారు వస్తే, ఇక్కడి ప్రభుత్వ ఉత్తర్వు ఏదీ అని అడగవలసి ఉన్నది. ఉత్తర్వు లేని విత్తనానికి పెట్టుబడి ఇస్తే పోయేది సొమ్ము ఒక్కటే కాదు, కేసు రైతు మెడకూ మన మెడకూ చుట్టుకుంటుంది.

రెండవది జనుము. దీనిని సన్ హెంప్ అంటారు. కె.సి. కాలువ కింద వరి నాటకముందు పచ్చిరొట్టగా దున్నే పైరు ఇదే. పచ్చిరొట్టకైతే ఆరేడు వారాలకే దున్నివేస్తారు. నార కావాలంటే పైరు మరి అంతకాలం నిలవాలి. పైగా నార తీసుకుపోతే భూమికి రొట్ట దక్కదు. నీరు వచ్చే వేళకు మడి సిద్ధం చేసుకోవలసిన రైతు ఇందుకు ఒప్పుకోవడం కష్టం.

మూడవది గోగు. పరాయివారు దీనిని కెనాఫ్ అన్నా, పాత వ్యాపార గ్రంథాలలో దీని పేర్లు డెక్కన్ హెంప్, బిమ్లీపట్నం జూట్. భీమునిపట్నం రేవు నుంచి ఓడలకెక్కిన సరుకు గనుక ఆ పేరు నిలిచింది. అంటే ప్రపంచం కొత్తగా కనుగొన్నట్టు మాట్లాడుతున్న ఈ నార మన గోంగూర మడిలోనిదే. చేని గట్టున నాలుగు సాళ్ళు వేసి పలుపులకు, పగ్గాలకు నార తీసుకోవడం మన పల్లెలకు తెలిసిన పనే.

నాలుగవది కిత్తనార, అంటే సైసల్. దీనికి నీరు అక్కరలేదు, రాళ్ళ నేలలో, కంచెగా కూడ పెరుగుతుంది. అయితే ఆకు కోతకు రావడానికి సంవత్సరాలు పడుతుంది.

కనుక హెంప్ అని ఎవరు అడిగినా, ఈ నాలుగింటిలో ఏదని ముందు తేల్చుకోవలెను. మొక్క పేరు రాయని ఒప్పందం ఒప్పందమే కాదు.

ఇరవై ఏళ్ళ వెనుకటి సంగతి

నార కలిపిన ప్లాస్టిక్కు కొత్త వింత కాదు. జపానులో టొయోటా కంపెనీ 2003లో రౌమ్ అనే కారులో స్టెప్నీ చక్రం మూతను పి.ఎల్.ఎ.లో గోగునార కలిపి చేసింది. ఎన్.ఇ.సి. కంపెనీ 2006లో అదే మిశ్రమంతో సెల్‌ఫోను తొడుగు చేసింది. వస్తువులు పనికివచ్చాయి. అయినా గోగునారకు ముఖ్యమైన వాడకం నేటికీ సంచులు, తాళ్ళు, కాగితపు గుజ్జు మాత్రమే. ఒక వస్తువు తయారు కావడం వేరు, దానివల్ల ముడిసరుకు మార్కెట్టు కదలడం వేరు.

దూది వ్యాపారులకు ఇంకొక ఉదాహరణ ఆసక్తి కలిగించవచ్చు. తూర్పు జర్మనీలో 1957 నుంచి 1991 వరకు తయారైన ట్రాబంట్ కారు పైభాగం ఇనుము కాదు, రెజిన్‌లో దూది పీచు కలిపి ఒత్తిన రేకు. కారు మూలపడిన తర్వాత ఆ రేకును ఏం చేయాలో తోచక అక్కడివారు ఇబ్బంది పడ్డారు. దూది ఉన్నంత మాత్రాన అది మట్టిలో కలవలేదు. ఇందులో మనకు ముఖ్యమైన పాఠం ఉన్నది. మామూలు ప్లాస్టిక్కులో నార కలిపితే నార కుళ్ళుతుంది, ప్లాస్టిక్కు ముక్కలై మిగులుతుంది. సూక్ష్మమైన ప్లాస్టిక్కు ముక్కలు మిగిలేదానిని మట్టిలో కలిసేదిగా లెక్కించరాదని 2024 మార్చిలో సవరించిన నిబంధనలు కూడ చెబుతున్నాయి. నార కలిపామన్న సాకుతో మామూలు ప్లాస్టిక్కును 'కుళ్ళే ప్లాస్టిక్కు' అని అమ్మడం కల్తీతో సమానం. అటువంటి కర్మాగారానికి నార తోలిన వర్తకుని బాకీ కూడ దానితోపాటే మునుగుతుంది.

నార ఎందులో పడుతుంది?

మన మార్కెట్టులో ఎక్కువ మంది పొరబడుతున్నది ఇక్కడ. ప్లాస్టిక్కు అనగానే అందరి కళ్ళ ముందు మెదిలేది సంచి. సంచిలో నార పడదు. పలుచని సంచి మందం నారపోగు మందంతో దాదాపు సమానం. పోగు ఉన్నచోటనే సంచి చిరుగుతుంది. తిరుమలలో లడ్డూల కోసం డి.ఆర్.డి.ఓ. సహకారంతో 2021 ఆగస్టులో ప్రవేశపెట్టిన సంచులు మొక్కజొన్న పిండి ఆధారంగా చేసినవి. వాటిలో నారకు పని లేదు. సంచుల గిరాకీ పెరిగితే కదిలేది మొక్కజొన్న. దానికి ఇప్పటికే కోళ్ళ దాణా, ఇథనాలు పోటీ ఉన్న సంగతి నంద్యాల వర్తకులకు విదితమే.

నార పడేది అచ్చులో పోసే మందపాటి వస్తువులలో: పళ్ళాలు, చెంచాలు, నర్సరీ కుండీలు, పెట్టెలు, కారు లోపలి భాగాలు. పళ్ళాల విషయంలో విస్తరాకు, అడ్డాకు, పోకమట్ట పళ్ళెం ఇప్పటికే పోటీగా ఉన్నాయి. విస్తరి ధర దాటి ఈ పళ్ళెం ధర పోతే పెళ్ళివారు కొనరు. నర్సరీ కుండీకి మాత్రం మంచి అవకాశం కనబడుతున్నది. కుండీతో సహా మొక్కను నాటవచ్చునన్నది దాని ఆకర్షణ. రైల్వే కోడూరు వైపు నర్సరీలు, తోటలు ఉండడం వల్ల కొనేవారు దగ్గరలోనే ఉన్నారు. అయితే పి.ఎల్.ఎ. సులభంగా కుళ్ళేది వేడెక్కిన పెద్ద ఎరువు కుప్పలో. ధ్రువపత్రానికి పరీక్ష కూడ సుమారు 58 డిగ్రీల వేడిలోనే చేస్తారు. 180 రోజులలో నూటికి 90 పాళ్ళు కరగాలి. చల్లని మట్టిలో అది చాలా నెమ్మది. కనుక కుండీకి ఏ దానా వాడుతున్నారో అడిగి తెలుసుకోవడం నార అమ్మేవారికి కూడ అవసరమే.

లెక్క చూద్దాం

రోజుకు రెండు టన్నుల వస్తువులు తీసే ఒక చిన్న కర్మాగారం ఉన్నదనుకుందాం. నూటికి ఇరవై పాళ్ళు నార కలిపితే రోజుకు నాలుగు క్వింటాళ్ళు కావాలి. ఏడాదికి 300 పనిదినాలకు 1,200 క్వింటాళ్ళు. గోగు బాగా పండే చోట ఎకరాకు ఏడెనిమిది క్వింటాళ్ళ నార వస్తుంది. మన మెట్టలలో సగమే, అంటే నాలుగు క్వింటాళ్ళే అనుకుంటే, ఆ కర్మాగారానికి కావలసింది 300 ఎకరాలు. ఒకటి రెండు ఊళ్ళ పైరు.

ఇటువంటి కర్మాగారం ఒక్కటి కూడ ఇంకా గట్టిగా ఆర్డరు ఇవ్వకముందే పది ఊళ్ళలో విత్తనం చల్లిస్తే ఏమవుతుంది? మొదటి రెండు ఊళ్ళ సరుకు కొంటారు, మిగిలిన ఎనిమిది ఊళ్ళ సరుకు తాళ్ళ ధరకు దిగుతుంది. ఉల్లి ధర ఎందుకు పడిపోతుందో కర్నూలు యార్డులో ఉన్నవారికి చెప్పనక్కరలేదు. ఉల్లికి కనీసం వంటిల్లు ఉన్నది. నారకు కర్మాగారం తప్ప వేరే గతి లేదు.

రైతు వైపు నుంచి చూసినా లెక్క ఇదే. వేరుశనగ వేస్తే కాయ అమ్ముడవుతుంది, కట్టె పశువులకు పనికివస్తుంది. కందికి, శనగకు ఎప్పుడూ కొనేవాడున్నాడు. ఒక్క కొనుగోలుదారు మాట మీద ఆ పంటలను వదులుకొమ్మని రైతుకు చెప్పేముందు, ఆ మాట తప్పితే నష్టం ఎవరు భరిస్తారో కూడ చెప్పవలసి ఉన్నది.

నీటి సంగతి, తేమ సంగతి

గోగు, జనుము కట్టలను నీటిలో పది నుంచి ఇరవై రోజులు ఊరవేస్తే తప్ప నార విడివడదు. ఏడాదికి 600, 700 మిల్లీమీటర్ల వాన పడే మన సీమలో ఊరవేయడానికి చెరువు దొరకడం ఏటేటా జరిగే పని కాదు. దొరికినా ఆ నీరు పాడై పశువులకు పనికిరాదు. ఉత్తరాంధ్రలో గోగు నిలదొక్కుకోవడానికి అక్కడి నీరు, మిల్లులు రెండూ కారణం.

కాని ఒక అనుకూలత మనకు ఉన్నది. గోనె మిల్లుకు కావలసింది పొడుగు, మెరుపు, మెత్తదనం. ప్లాస్టిక్కు కర్మాగారానికి ఇవేవీ అక్కరలేదు. అక్కడ నారను ఎలాగూ కొద్ది మిల్లీమీటర్ల ముక్కలుగా కోస్తారు. వారికి కావలసినవి రెండే: పొడి, శుభ్రం. ఊరవేయకుండా యంత్రంతో తీసిన మోటు నార కూడ కొన్ని వస్తువులకు పనికివస్తుంది. గాలిలోని తేమను నార పీల్చుకుంటుంది గనుక, కోస్తా గాలి కంటె మన ఎండుగాలి ఈ సరుకుకు మేలు.

తేమను ఎందుకు ఇంతగా చెబుతున్నామంటే, కరిగిన పి.ఎల్.ఎ.కు నీరు తగిలితే అది పెళుసవుతుంది. కర్మాగారంవారు నారను దాదాపు పూర్తిగా ఆరబెట్టి గాని వాడరు. అందుచేత వారు ఎండు బరువుకే ధర కడతారు. నూటికి 12 పాళ్ళు తేమ ఉన్న వంద క్వింటాళ్ళలో ఎండు నార 88 క్వింటాళ్ళు. తేమ 18 పాళ్ళయితే 82 క్వింటాళ్ళే. ఉదాహరణకు 12 పాళ్ళ సరుకు క్వింటాలు 5,000 రూపాయలనుకుంటే, 18 పాళ్ళ సరుకు విలువ సుమారు 4,660 రూపాయలు. రైతు దగ్గర చేతితో తడిమి కొని, కర్మాగారం దగ్గర మీటరు పెట్టి అమ్మితే క్వింటాలుకు 340 రూపాయలు నడుమనున్న వర్తకునికి నష్టం. కమీషను మాట అటుంచి, అసలుకే మోసం.

మట్టి, ఇసుక, పుల్లముక్కలు కూడ అంతే. ఇసుక కలిసిన నార యంత్రపు మరనూ అచ్చునూ అరగదీస్తుంది. తాళ్ళ వ్యాపారంలో తరుగు తీసి సరిపెట్టుకునే దోషానికి ఇక్కడ లారీయే వెనక్కు వస్తుంది.

పాత పాఠాలు

2003లో ప్రణాళికా సంఘం కమిటీ ఒకటి అడవి ఆముదం గింజల నుంచి డీజిలు తీయడాన్ని సిఫారసు చేసిన తర్వాత ఎంత సందడి జరిగిందో చాలామందికి జ్ఞాపకం ఉండే ఉంటుంది. నీరు అక్కరలేని పంట అన్నారు, బంజరులో బంగారం అన్నారు. మొక్కలు బతికినచోట కూడ అనుకున్న గింజ రాలేదు, గింజ వచ్చినచోట కొనేవాడు నిలవలేదు. మొక్క చెడ్డది కాదు. కొనేవాడు స్థిరపడకముందే పైరు విస్తరించడమే తప్పు.

దీనికి ఎదురు ఉదాహరణ గోనెసంచి. ప్లాస్టిక్కు సంచుల పోటీకి జూట్ మిల్లులు తల్లడిల్లుతున్నప్పుడు, ఆహార ధాన్యాలను, పంచదారను గోనెలోనే ప్యాక్ చేయాలని 1987లో కేంద్రం చట్టం తెచ్చింది. నేటికీ జూట్ పరిశ్రమ ప్రధానంగా ఆ కొనుగోలు మీదనే నిలిచి ఉన్నది. నారకు ఖాయమైన కొనుగోలు ఉంటేనే పైరు నిలుస్తుందన్న సంగతి రెండు ఉదాహరణల వల్లా తేలుతున్నది. ప్లాస్టిక్కులో కలిపే నారకు అటువంటి ఖాయమైన కొనుగోలు ఇప్పటికి లేదు.

చేయదగిన పని

అలాగని చేతులు కట్టుకుని కూర్చోమని మా సలహా కాదు. కొత్త సరుకులో ముందు చేయి పెట్టినవారికే లాభం. అయితే చేయి ఎంతవరకు పెట్టాలన్నదే వివేకం.

మొదటిది, కొత్త పైరు వేయించకముందే ఉన్న సరుకుతో ప్రారంభించవచ్చు. ఆదోని జిన్నింగు, నూలు మిల్లులలో పడే దూది తుక్కుకు ఊరవేత అక్కరలేదు, అది ఒక్కచోటనే పోగవుతుంది, పొడిగా ఉంటుంది. గోగునారంత బిగువు ఇవ్వకపోయినా, దూది పీచు వస్తువు పగలకుండా కాపాడుతుంది. దీనికి పరుపులవారు, ముతక నూలువారు ఇప్పటికే కొనుగోలుదార్లు గనుక, బేరం చెడినా సరుకు మిగిలిపోదు. ఆ తర్వాత గట్ల మీది కిత్తనార, గోగునార. పులివెందుల అరటి బోదె మాట కూడ కొందరు ఎత్తుతున్నారు. కాని నూరు కిలోల బోదెకు కిలో నార రావడమే గగనం. మోత కూలి చూసుకుని దిగాలి.

రెండవది, ఆదోని, కర్నూలు, ప్రొద్దుటూరు మార్కెట్ కమిటీలు నారకు ఒక చిన్న ప్రయోగపు వేలం పెట్టవచ్చు. తేమ మీటరు ఒకటి, మట్టి విదిలించే జల్లెడ ఒకటి, సీలు వేసిన మచ్చు రెండు ప్రతులు ఉంటే చాలు. పొడి శుభ్రమైనది, పొడి మోటుది, తేమది అని మూడు రకాలుగా విడగొట్టి ధర పలికిస్తే, ఏ రకానికి ఎంత గిరాకీ ఉన్నదో ఒక్క సీజనులో తేలిపోతుంది. రకాలు లేని సరుకుకు ధర ఉండదు, ఉన్నా అది కొనేవాడు చెప్పిందే అవుతుంది.

మూడవది ఒప్పందం. మొక్క పేరు, తేమ హద్దు, మట్టి హద్దు, ఎండు బరువుకు ధర, సరుకు ఎక్కడ తూచాలి, వివాదం వస్తే ఏ మచ్చు చెల్లుతుంది, బయానా ఎంత అన్న అంశాలు రాతలో ఉండాలి. కొనేవారి వద్ద ధ్రువపత్రం ఉంటే దాని నకలు తీసుకోవాలి. బయానా ఇవ్వని కంపెనీ ప్రతినిధి ఎంత పెద్ద పేరు చెప్పినా రైతుకు మనం హామీ ఉండరాదు. కంపెనీవాడు రేపు వేరే జిల్లాకు పోతాడు. రైతు మాత్రం వచ్చే ఏడు వేరుశనగ తెచ్చి మన కాటా దగ్గరే దింపుతాడు.

నాలుగవది, విత్తనం విషయంలో శ్రీకాకుళం జిల్లా ఆముదాలవలసలోని వ్యవసాయ పరిశోధన కేంద్రాన్ని సంప్రదించవచ్చు. గోగు జాతి నార పంటలపై అక్కడ పనిచేస్తున్నారు. ఐదారు ఎకరాలలో మన మెట్టలకు ఎంత వస్తుందో చూసిన తర్వాతనే యాభై ఎకరాల మాట.

ఆనాటి అడితీ యజమానికి మేము చెప్పినదీ ఇదే. పది ఊళ్ళ పెట్టుబడి అడిగినవారిని ముందు పది క్వింటాళ్ళ సరుకు బయానా ఇచ్చి కొనమనండి. కొంటే మచ్చు కుదిరినట్టు, మాట నిలిచినట్టు. కొనకపోతే మనకు ఖర్చయింది ఒక కప్పు కాఫీ మాత్రమే. గోగు మన గట్ల మీద ఇంతకాలం ఉన్నది, ఇంకొక ఏడు ఉండడానికి దానికేమీ ఇబ్బంది లేదు. తొందర విత్తనం అమ్మేవారికి ఉండవచ్చు, వర్తకునికి ఉండనక్కరలేదు.